హంగేరీ లీగ్‌లో ఏ క్లబ్బు?

శ్రోతలకు నమస్కారం.

ఫుట్‌బాల్ మేనేజర్ అనే కంప్యూటర్ ఆట గురించి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. తెలియని వాళ్ళకు రెండు ముక్కల్లో చెప్తాను. ఇందులో బంతిని మనం తన్నం. మేనేజర్ కుర్చీలో కూర్చుంటాం. ఎవర్ని ఆడించాలి, ఎవర్ని పక్కన పెట్టాలి, ఎవర్ని కొనాలి, ఎవర్ని అమ్మాలి, ఈ తలనొప్పులన్నీ మనవే. మ్యాచ్ మొదలయ్యాక మాత్రం గీత బయట నిలబడి చూస్తూ సూచనలివ్వడమే. ఇంగ్లండ్‌లోని స్పోర్ట్స్ ఇంటరాక్టివ్ అనే సంస్థ దీన్ని తయారుచేస్తుంది. క్లబ్బులు నిజమైనవి, ఆటగాళ్ళు నిజమైన వాళ్ళు. ఒక్కొక్కరికీ పాసింగ్ ఇంత, పరుగు ఇంత, ధైర్యం ఇంత అని 1 నుంచి 20 దాకా మార్కులు వేసి ఉంటాయి. చదువుకునే రోజుల్లో నా మార్కులు చూసుకుని నేను ఇంత టెన్షన్ పడలేదు.

కొత్తగా ఆడేవాళ్ళు అందరూ చేసే పని ఒకటే. బార్సిలోనానో, మాంచెస్టర్‌లోని ఏదో ఒక జట్టునో తీసుకుంటారు. నాలుగు సీజన్లు గెలుస్తారు. ఆ తర్వాత విసుగు పుడుతుంది. డబ్బు గుమ్మరిస్తే ఎవరైనా గెలుస్తారు కదా! అప్పుడు చిన్న దేశాల వైపు చూపు మళ్ళుతుంది. ఈ రోజు నేను మిమ్మల్ని అలా ఒక చిన్న దేశానికి తీసుకువెళ్తాను. హంగేరీ.

హంగేరీయే ఎందుకంటే, మొదటి కారణం లీగ్ చిన్నది. 12 జట్లు. ప్రతి జట్టూ మిగతా 11 జట్లతో మూడేసి సార్లు ఆడుతుంది. అంటే సీజన్‌కు 33 మ్యాచ్‌లు. మూడుసార్లు ఎదురుపడితే ఎదుటి జట్టు లెఫ్ట్ బ్యాక్ ఎప్పుడు అలసిపోతాడో కూడా మీకు తెలిసిపోతుంది. మధ్యలో చలికాలం సెలవు ఉంటుంది కాబట్టి తీరిగ్గా కూర్చుని ఆలోచించుకోవచ్చు. రెండో కారణం చరిత్ర. 1953లో ఇంగ్లండ్‌ను వాళ్ళ సొంత వెంబ్లీ మైదానంలోనే 6–3తో ఓడించిన దేశం ఇది. మరుసటి ఏడాది ప్రపంచ కప్ ఫైనల్లో పశ్చిమ జర్మనీ చేతిలో 3–2తో ఓడింది. ఆ జట్టు కెప్టెన్ పుష్కాష్ ఫెరెంత్స్. అక్కడ ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. మన పద్ధతే.

సరే, క్లబ్బుల దగ్గరకు వద్దాం.

హంగేరీ అనగానే ఎవరైనా చెప్పే పేరు ఫెరెంత్స్‌వారోష్. బుడాపెస్ట్ జట్టు, ఆకుపచ్చా తెలుపూ చొక్కాలు, అభిమానులు ముద్దుగా ఫ్రాదీ అంటారు. 1965లో ఇంటర్ సిటీస్ ఫెయిర్స్ కప్ అనే యూరప్ పోటీ ఫైనల్లో ఇటలీ జట్టు యువెంటస్‌ను దాని సొంత ఊరు టురిన్‌లోనే ఓడించిన చరిత్ర వాళ్ళది. 2019 నుంచి 2025 దాకా లీగ్ టైటిల్ వరసగా ఏడుసార్లు వాళ్ళదే. యూరప్‌లోని మేటి క్లబ్బుల పోటీ అయిన చాంపియన్స్ లీగ్ ఆడాలని మీకు తొందరగా ఉంటే ఈ జట్టునే తీసుకోండి, నేను కాదనను. కానీ ఏడుసార్లు గెలిచిన జట్టుతో ఎనిమిదోసారి గెలిస్తే మిమ్మల్ని ఎవరు మెచ్చుకుంటారు? గెలిస్తే మామూలే, ఓడితే ఉద్యోగం పోతుంది.

మిగతావాటి గురించి గబగబా చెప్పేస్తాను. పుష్కాష్ పేరుతో ఒక క్లబ్బు ఉంది, పుష్కాష్ అకాడమీ. ఫెల్చూత్ అనే ఊళ్ళో ఉంటుంది. ఊరి జనాభా రెండు వేలు కూడా లేదు, స్టేడియంలో సీట్లు మాత్రం 3,800 పైచిలుకు. చెక్కతో కట్టిన ఆ స్టేడియం పైకప్పును లోపలి నుంచి చూస్తే పాతకాలపు చర్చిలా ఉంటుంది. అందం, డబ్బు రెండూ ఉన్నాయి. హోన్వేద్ అయితే పుష్కాష్ నిజంగా ఆడిన క్లబ్బు. 2023లో రెండో డివిజన్‌కు పడిపోయింది. కింది నుంచి పైకి తెచ్చే సరదా ఉన్నవాళ్ళకు మంచిదే. దెబ్రెత్సెన్ ఒకప్పుడు రైల్వే కార్మికుల జట్టు, 2009లో చాంపియన్స్ లీగ్ గ్రూపు దశ దాకా వెళ్ళి ఆరుకు ఆరు మ్యాచ్‌లూ ఓడింది. ఇంకోటి మన రేడియో వాళ్ళకు నచ్చే క్లబ్బు, సేకెష్‌ఫెహేర్వార్ పట్టణానిది. అందరికీ తెలిసిన దాని పేరు విడియోటాన్. రేడియోలు, టీవీలు తయారుచేసిన ఫ్యాక్టరీ పేరు అది. 1985లో ఆ జట్టు యూఈఎఫ్ఏ కప్ అనే యూరప్ పోటీ ఫైనల్ దాకా వెళ్ళింది. సొంత ఊళ్ళో రియల్ మాడ్రిడ్ చేతిలో 3–0తో ఓడి, మాడ్రిడ్ వెళ్ళి 1–0తో గెలిచింది. కప్పు రాలేదు, పరువు దక్కింది. పాపం, ఆ క్లబ్బు కూడా 2025లో కింది డివిజన్‌కు పోయింది.

ఇవన్నీ పక్కన పెట్టండి. నేను ఎంచుకునేది పాక్ష్. మళ్ళీ చెప్తున్నాను, పాక్ష్.

బుడాపెస్ట్‌కు దక్షిణంగా సుమారు వంద కిలోమీటర్లు వెళ్తే డాన్యూబ్ నది ఒడ్డున ఉంటుంది ఈ చిన్న పట్టణం. అక్కడ ఒక అణు విద్యుత్ కేంద్రం ఉంది. నాలుగు రియాక్టర్లు. హంగేరీలో తయారయ్యే కరెంటులో దాదాపు సగం అక్కడి నుంచే. క్లబ్బుకూ ఆ ప్లాంటుకూ ఉన్న చుట్టరికం పాతది. మన రామగుండంలోనో పాల్వంచలోనో కరెంటు ప్లాంటు కాలనీ జట్టు ఒకటి దేశంలోని పెద్ద లీగ్‌లోకి ఎక్కి, ఎక్కాక ఇక దిగకుండా కూర్చుందనుకోండి. అలాంటిదే ఇది. 2006లో మొదటి డివిజన్‌కు వచ్చారు. ఆ తర్వాత కిందికి దిగలేదు. హోన్వేద్ దిగింది, విడియోటాన్ దిగింది, వీళ్ళు దిగలేదు.

కానీ అసలు సంగతి ఇది కాదు. పాక్ష్ జట్టులో విదేశీ ఆటగాళ్ళు ఉండరు. అందరూ హంగేరియన్లే. లీగ్‌లో మిగతావాళ్ళంతా బ్రెజిల్ నుంచి, ఆఫ్రికా నుంచి, బాల్కన్ దేశాల నుంచి మనుషుల్ని తెచ్చుకుంటుంటే వీళ్ళు మాత్రం మా వాళ్ళు మాకు చాలు అంటారు. ఇది పైనుంచి ఎవరో పెట్టిన రూలు కాదు, క్లబ్బు తనకు తాను పెట్టుకున్న పద్ధతి.

ఆ పద్ధతితో ఏం సాధించారో వినండి. ఒకే ఒక్క స్థానం గురించి చెప్తాను. సెంటర్ ఫార్వర్డ్. గోల్ కొట్టేవాడు.

2021–22 సీజన్లో పాక్ష్‌కు ఆదామ్ మార్తిన్ అనే భారీ మనిషి ఫార్వర్డ్‌గా ఆడాడు. అప్పటికి 27 ఏళ్ళు. కుర్రాడేం కాదు, పెద్ద పేరున్నవాడూ కాదు. ఆ సీజన్లో లీగ్‌లో 31 గోల్స్ కొట్టాడు. 33 మ్యాచ్‌ల లీగ్‌లో 31 గోల్స్! వెంటనే దక్షిణ కొరియా నుంచి ఉల్సాన్ క్లబ్బు వచ్చి తీసుకుపోయింది. వెళ్ళిన ఏడాదే అక్కడ ఆ జట్టు లీగ్ గెలిచింది.

పాక్ష్ పని అయిపోయిందని అనుకుంటాం కదా? 31 గోల్స్ మనిషి పోయాడు. విదేశాల నుంచి ఎవర్నీ తేరు. మరి ఎవర్ని ఆడించారు? వర్గ బర్నబాష్ అనే అతన్ని. ఇతనూ కుర్రాడు కాదు, 28 ఏళ్ళు. అంతకుముందు ఆస్ట్రియాలో రెండో డివిజన్లో తిరిగాడు, హంగేరీలో గ్యిర్మోత్ అనే చిన్న క్లబ్బులో ఆడాడు. 2022–23లో 26 గోల్స్ కొట్టి అతనే టాప్ స్కోరర్ అయ్యాడు. జాతీయ జట్టులో చోటు కూడా 28 ఏళ్ళు వచ్చాకే దొరికింది. ఈసారి అతన్ని తీసుకుపోయింది ఎవరో ఊహించండి. ఫెరెంత్స్‌వారోష్. ఆ తర్వాతి సీజన్లో కూడా టాప్ స్కోరర్ అతనే, కాకపోతే ఆకుపచ్చ చొక్కాలో.

రెండేళ్ళలో ఇద్దరు టాప్ స్కోరర్లు పోయారు. మూడో ఏడు పాక్ష్ ఏమైంది? లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. అంతేకాదు, 2024 మే నెలలో బుడాపెస్ట్‌లోని పుష్కాష్ అరేనాలో హంగేరియన్ కప్ ఫైనల్. అవతల ఫెరెంత్స్‌వారోష్. రెండేళ్ళ ముందు ఇదే ఫైనల్లో పాక్ష్‌ను 3–0తో ఓడించిన జట్టు. తమ ఫార్వర్డ్‌ను పట్టుకుపోయిన జట్టు. ఈసారి పాక్ష్ 2–0తో గెలిచింది. 2025లో మళ్ళీ ఫైనల్, మళ్ళీ ఫెరెంత్స్‌వారోషే. పెనాల్టీ షూటౌట్‌లో మళ్ళీ పాక్ష్ గెలిచింది. నేను ఈ కథ ఎవరికి చెప్పినా కాస్త గొంతు పెంచే చెప్తాను, ఇప్పుడూ పెరిగిందేమో, ఏమనుకోకండి.

అందుకే పాక్ష్ తీసుకోండి అంటున్నాను. గేమ్ ఈ హంగేరియన్ల పద్ధతిని మీ మీద రుద్దినా రుద్దకపోయినా మీరే పెట్టుకోండి. విదేశీయుల్ని కొననని మొదటి రోజే అనుకోండి. ఇలా అనుకోగానే ఆట మొత్తం మారిపోతుంది. వెతకడానికి ప్రపంచమంతా ఉన్నప్పుడు ఎవర్నో ఒకర్ని పట్టుకొస్తాం, ఆర్నెల్లకు వాడి పేరే మర్చిపోతాం. కోటి మంది కూడా లేని దేశంలో వెతకాల్సి వస్తే, రెండో డివిజన్లో బెంచీ మీద కూర్చున్నవాణ్ణి కూడా పేరు పెట్టి పిలుస్తాం. పదిహేడేళ్ళ వండర్‌కిడ్స్ వెంట పడటం కూడా తగ్గుతుంది. అలాంటి పిల్లల్ని పెద్ద క్లబ్బులు మీకు దక్కనివ్వవు. మీకు కావలసింది ఇరవై ఆరు, ఇరవై ఏడేళ్ళ వాడు, ఎక్కడో చిన్న క్లబ్బులో సరైన పాస్ కోసం ఎదురుచూస్తున్నవాడు. ఇంకో మార్తిన్, ఇంకో బర్నబాష్.

వాళ్ళు ఎక్కడ దొరుకుతారన్నదే ప్రశ్న. నాకున్న సమయంలో ఈ ఒక్కటి మాత్రం వివరంగా చెప్తాను, కాగితం కలం ఉంటే రాసుకోండి.

కొత్త ఆట మొదలుపెట్టేటప్పుడు, క్లబ్బు ఎంచుకోకముందే ఒక తెర వస్తుంది. ఏయే దేశాల లీగ్‌లు కావాలి అని అడుగుతుంది. చాలామంది హంగేరీ ఒక్కటే పెట్టి ముందుకు పోతారు. కంప్యూటర్ వేగంగా నడుస్తుందని. అలా చేయకండి. మీరు ఎంచుకోని దేశాల్లో చిన్న స్థాయి ఆటగాళ్ళు చాలామంది ఆటలోకి అసలు లోడ్ కారు. లేనివాణ్ణి ఏ స్కౌట్ మాత్రం వెతికి పెడతాడు?

హంగేరీతో పాటు స్లొవేకియా, రొమేనియా, సెర్బియా లీగ్‌లు కూడా పెట్టండి. కారణం ఉంది. 1920లో జరిగిన ట్రియనాన్ ఒప్పందంతో హంగేరీ తన భూభాగంలో మూడింట రెండు వంతులు పోగొట్టుకుంది. సరిహద్దు మారింది కానీ ఊళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. అలా లక్షల మంది హంగేరియన్లు పక్క దేశాల పౌరులయ్యారు. వాళ్ళకు క్లబ్బులూ ఉన్నాయి. స్లొవేకియాలో డీఏసీ, రొమేనియాలో షెప్షీ, సెర్బియాలో టీఎస్సీ. షెప్షీ జట్టు 2022లోనూ 2023లోనూ రొమేనియా కప్ గెలిచింది. టీఎస్సీ యూరోపా లీగ్ అనే యూరప్ పోటీలో ఆడింది. ఈ ఊళ్ళలో పుట్టిన హంగేరియన్లను మన లెక్కలోకి తీసుకోవచ్చా? నేనైతే తీసుకుంటాను. ఒప్పుకోని స్నేహితులు ఉన్నారు, అది మోసం అంటారు. మీ ఇష్టం. ఆస్ట్రియా రెండో డివిజన్ కూడా పెట్టండి, బర్నబాష్ తిరిగి వచ్చిన దారి అదే.

లీగ్‌లు లోడ్ అయ్యాక సెర్చ్‌లో జాతీయత హంగేరీ అని, వయసు 24 నుంచి 28 అని, ఒప్పందం ఏడాది లోపల ముగిసేవాళ్ళు అని మూడు షరతులు పెట్టండి. వచ్చిన జాబితాలో ఫినిషింగ్ మార్కులు ఒక్కటే చూడకండి. హెడింగ్, బలం, ఖాళీ చూసి కదిలే తెలివి, ఇవి చూడండి. ముగ్గుర్ని గుర్తుపెట్టుకోండి. కొననక్కర్లేదు, గుర్తుపెట్టుకుంటే చాలు.

ఎందుకంటే, మీ సెంటర్ ఫార్వర్డ్ బాగా ఆడితే చలికాలం సెలవుల్లో ఫెరెంత్స్‌వారోష్ నుంచి కబురు వస్తుంది. మంచి ధర చెప్తారు. మీ బోర్డు సంబరపడుతుంది. ఆటగాడు కూడా పోతానంటాడు. అప్పుడు వెంటనే సరే అనకండి. ముందు ఆ ముగ్గురిలో ఒకణ్ణి తెచ్చుకోండి, తర్వాత అమ్మండి. వరస మారితే మాత్రం, మీ చేతిలో డబ్బుందని తెలిసి అవతలి క్లబ్బు ధర రెట్టింపు చేస్తుంది.

మార్తిన్‌ను, బర్నబాష్‌ను అమ్మిన పాక్ష్ కుప్పకూలలేదు. మీ పాక్ష్ ఏమవుతుందో ఫిబ్రవరి మ్యాచ్‌ల్లో తేలుతుంది.

నమస్కారం.