హైదరాబాద్ గుండ్లను ఎవరు పేర్చారు?

నమస్తే అండీ. ఈ రాతి గుండు చూడండి. ఏనుగంత ఉంది, కింద ఆనుకున్న చోటు మాత్రం పీటంత కూడా లేదు. తోస్తే దొర్లిపోతుందేమో అనిపిస్తుంది. మౌలాలి నుంచి గోల్కొండ దాకా, హైదరాబాద్ యూనివర్సిటీలోని మష్రూమ్ రాక్ దాకా, ఇలాంటివి ఎన్నో. చిన్నప్పుడు మా ఇంట్లో రాక్షసులు ఆడుకుని వదిలేసిన గోళీలని చెప్పేవారు. ఇంకొందరు వరదకు కొట్టుకొచ్చాయంటారు. నిజానికి ఇవి ఎక్కడి నుంచీ రాలేదు. ఉన్నచోటే, చాలావరకు నేల లోపలే గుండ్రంగా తయారయ్యాయి.

ఇది గ్రానైట్. వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూమి లోపల కిలోమీటర్ల లోతున కరిగిన రాయి నెమ్మదిగా చల్లారి గట్టిపడింది. మీదున్న రాళ్లన్నీ కోట్ల ఏళ్లలో అరిగిపోయాక బరువు తగ్గింది. బరువు తగ్గేసరికి రాయి కాస్త ఉబ్బి, నిలువునా అడ్డంగా పగుళ్లిచ్చింది. అంటే నేల కింద ఒకే బండ, పెట్టెల్లా గళ్లు గళ్లుగా చీలి ఉందన్నమాట.

ఆ పగుళ్లలోకి వాన నీళ్లు దిగాయి. వాన నీరు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని వస్తుంది, మట్టిలో వేర్లు, కుళ్లిన ఆకుల దగ్గర ఇంకా ఎక్కువ పట్టుకుంటుంది. సోడా నీళ్లలాంటి ఆ కొద్దిపాటి పులుపు చాలు. రాయిలో గులాబీ రంగులో మెరిసే ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం బంకమట్టిగా మారిపోతుంది. నల్లటి అభ్రకంలోని ఇనుము తుప్పు పడుతుంది. క్వార్ట్జ్ పలుకు మాత్రం దాదాపు దేనికీ లొంగదు. మన వాగుల్లో ఇసుక చాలావరకు ఆ పలుకులే. చెరువు పూడికలో చేతికి అంటుకునే బంకలో ఈ ఫెల్డ్‌స్పార్ వాటా ఉంది.

మరి గుండ్రంగా ఎందుకయ్యాయి? పెట్టె మూల దగ్గర నీళ్లు మూడు వైపుల నుంచి తింటాయి. అంచు దగ్గర రెండు వైపుల నుంచి. మధ్యలో ఒక్క వైపు నుంచే. అందుకే మూలలు ముందు పోతాయి. చేతిలో సబ్బుబిళ్ల అరిగినట్టే. దీన్నే పుస్తకాల్లో శైథిల్యం అంటారు. రాయి ఉన్నచోటే చివికిపోవడం. చివికిన దాన్ని నీళ్లు మోసుకుపోతే అది క్రమక్షయం. ఈ రెండూ కలిస్తేనే గుట్ట.

ఈ మధ్య ఒక అపార్ట్‌మెంట్ పునాది గుంత దగ్గరికి వెళ్లాను. మూడు మనుషుల లోతు. గోడంతా ఎర్రటి మొరం. మనం రోడ్లకు పోసే మొరమే, అంటే చివికిన గ్రానైటే. గోరుతో గీకితే పొడిపొడిగా రాలింది, అయినా అందులో పాత రాయి పలుకులు ఎక్కడివక్కడే వరసగా కనిపిస్తున్నాయి. ఆ మొరం మధ్యలో ఒక నిండు గుండు. చుట్టూ ఉల్లిగడ్డ పొరల్లా నాలుగు పొరలు. పై పొరను వేలితో లాగితే ఊడి వచ్చింది. రెండోది కదిలింది. మూడోది కదల్లేదు. నాకు ఒళ్లు జలదరించింది, ఎందుకంటే గుండు పుట్టడం కళ్లముందే కనిపిస్తోంది! వానలు ఆ మొరాన్ని కడిగేసి ఉంటే, ఎప్పుడో ఒకనాటికి అది కూడా గుట్ట మీద నిలబడేది.

బయటపడ్డాక కూడా పని ఆగదు. వేడికి ఉబ్బడం, చల్లబడితే ముడుచుకోవడం, తేమ, అన్నీ కలిసి పై పొరను విడదీస్తాయి. వడ్డెర పనివాళ్లకు ఈ గుణం తెలుసు. వెనకటికి బండ మీద మంట పెట్టి, సుత్తితో తట్టి వినేవాళ్లు. డొల్లగా మోగిందంటే పొర లేచినట్టు. ఆ సలపనే, అంటే పలకలా లేచిన పొరనే, చీల్చి తీసేవారు.

ఒకదాని మీద ఒకటి నిలిచిన గుండ్లను తోసి, డైనమైట్‌తో పేల్చి లేపేయడానికి ఒక్క పూట చాలు. అందుకే 1996లో, ఈ గుండ్లను కాపాడడానికి సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంస్థ మొదలైంది. నాకు ఆ పట్టుదల మీద చాలా గౌరవం. మీ వీధి చివర ఇంకా గుండు మిగిలి ఉంటే, దాని కింద ఆనుకున్న చోట చెయ్యి పెట్టి చూడండి. పొడిపొడిగా మొరం తగలొచ్చు.