మెట్టు కింద ఏముంది? డిజిటల్ పియానో పియానోనేనా

(నల్లగొండలో పియానో, కీబోర్డు నేర్చుకుంటున్న పిల్లలు, వారి తల్లిదండ్రులు, వాయిద్యకారుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మన దిక్కు మెట్లున్న ప్రతి కరెంటు వాయిద్యం పేరూ క్యాషియోనే. పెండ్లి ఆర్కెస్ట్రాలో ఉన్నదీ క్యాషియో, చర్చిలో ఉన్నదీ క్యాషియో, పిల్లవాడి పుట్టినరోజుకు తెచ్చిన బొమ్మా క్యాషియో. దాని మీద ఏ కంపెనీ పేరున్నా సరే. అందుకని "డిజిటల్ పియానో అసలు పియానో అవుతదా" అని ఎవరన్నా అడిగితే, ముందు ఏ డబ్బా గురించి అడుగుతున్నరో తేల్చుకోవాలె. 61 మెట్లతో, నొక్కితే స్ప్రింగు మీద తేలిగ్గా దిగుతూ, వెనక డ్రమ్ముల రిథమ్ తనే వాయించేది ఎలక్ట్రానిక్ కీబోర్డు. అదొక పూర్తి వాయిద్యం, దాని విద్య వేరు. లండన్ ట్రినిటీ కాలేజీ పరీక్షల్లో కూడా పియానోకు ఒక సిలబస్, ఎలక్ట్రానిక్ కీబోర్డుకు వేరే సిలబస్. ఇవాళ మన మాటలు 88 మెట్లుండి, ప్రతి మెట్టు కింద నిజంగా ఒక బరువు కదిలే పెట్టె గురించి.

పియానో పూర్తి పేరు పియానోఫోర్తే. ఇటాలియన్‌లో పియానో అంటే మెల్లగా, ఫోర్తే అంటే గట్టిగా. 1700 ప్రాంతంలో ఫ్లోరెన్సు నగరంలో బార్తొలొమియో క్రిస్తొఫోరి దీన్ని తయారుచేసేదాకా అక్కడ ఎక్కువగా వాడింది హార్ప్సికార్డు. అందులో మెట్టు నొక్కితే చిన్న ఈక ములుకు తీగను మీటుతుంది. ఎంత గట్టిగా నొక్కినా దాదాపు ఒకే మోత. మన హార్మోనియం సంగతీ అంతే: మోత పెంచేది, తగ్గించేది తిత్తి నడిపే చెయ్యి. మెట్ల మీది వేళ్లకు ఏ స్వరమో చెప్పడమే పని. భజనల్లో ఏండ్ల తరబడి హార్మోనియం వాయించినవాళ్లు పియానో ముందు కూర్చుంటే స్వరాలన్నీ ఒకే ఎత్తున పడేది ఇందుకే. క్రిస్తొఫోరి ములుకు తీసేసి సుత్తి పెట్టిండు. మోత ఎంతుండాలో వేలే నిర్ణయించే వీలు దాంతో వచ్చింది.

ఆ సుత్తి కథ జర నిదానంగా చెప్పుకోవాలె. మన ప్రశ్నకు జవాబు దాంట్లోనే ఉంది.

మెట్టు మొత్తం దిగేది సుమారు 10 మిల్లీమీటర్లు. అదే సమయంలో సుత్తి దాదాపు 45 మిల్లీమీటర్ల దూరం పోతుంది. తీగకు ఇంకా రెండు మిల్లీమీటర్ల దూరముందనగా మెట్టు సుత్తిని వదిలేస్తుంది. దీన్నే ఎస్కేప్‌మెంట్ అంటారు. అక్కడినుంచి సుత్తి తన ఊపుతో తానే పోయి తీగను కొట్టి వెనక్కి పడుతుంది. వదలకపోతే సుత్తి తీగకు అంటుకుని నిలబడేది. గంట కొట్టి అరచెయ్యి గంట మీదనే పెడితే ఏమైతది? మోత అక్కడికక్కడే చస్తది. ఇదీ అంతే.

అంటే తీగను తాకే క్షణంలో సుత్తికి, వేలికి సంబంధం లేదు. వీణ మీద తీగ మీటిన తర్వాత కూడా లాగి గమకం పలికించొచ్చు. వయొలిన్‌లో కమాను తీగ మీద ఉన్నంతసేపూ స్వరం చేతిలోనే ఉంటుంది. పియానోలో అదేం కుదరదు. వేలు సుత్తికి ఇవ్వగలిగిందల్లా వేగం ఒక్కటే. ఎప్పుడు కొట్టాలె, ఎంత వేగంగా కొట్టాలె, ఎప్పుడు మెట్టు వదలాలె: కళాకారుడి వేలు యంత్రానికి చెప్పేది ఈ మూడు ముక్కలే.

ఈ మూడింటినీ కొలవొచ్చు. డిజిటల్ పియానోలో మెట్టు కింద రెండు కాంటాక్టులు, అంటే చిన్న స్విచ్చుల్లాంటివి ఉంటాయి, మంచివాటిలో మూడు. మొదటిది మూసుకున్నాక రెండోది మూసుకోవడానికి పట్టిన సమయాన్ని బట్టి వేగం తెలుస్తుంది. ఆ వేగాన్ని మిడి అనే, కరెంటు వాయిద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతిలో 1 నుంచి 127 దాకా ఒక అంకెగా మారుస్తారు. తీగ ఉండదుగానీ మెట్టు వెనక బరువున్న సుత్తి లాంటి మీట ఉంటుంది, వేలికి ఆనేది దాని బరువే. కాబట్టి వేలివైపు నుంచి చూస్తే డిజిటల్ పియానో పియానోనే. డిజిటల్ వీణ అని ఎవరన్నా అమ్మితే ఇదే మాట నేననను. వీణలో వేలు చెప్పే సంగతులు ఇట్లా ఒక అంకెలో ఇమడవు.

తేడా అంతా ఆ అంకె పుట్టిన తర్వాత మొదలైతది.

అసలు పియానోలో సుమారు 230 తీగలుంటాయి. మంద్రంలో మెట్టుకు ఒకటి, ఆపైన రెండు, పై స్థాయిల్లో మూడేసి. అన్ని తీగల లాగుడు కలిపితే 18 టన్నుల దాకా ఉంటుంది, పోత ఇనుప చట్రం లేకుంటే పెట్టె విరిగిపోతుంది. కుడి పెడల్ తొక్కితే తీగల మోతను ఆపే డాంపర్లన్నీ లేస్తాయి, అప్పుడు ఒక తీగను కొడితే మిగతా తీగలూ దానితో కలిసి సన్నగా పాడతాయి. డిజిటల్‌లో ఎక్కువగా స్వరం అంటే ముందే చేసిపెట్టిన రికార్డింగే. మెల్లగా కొట్టింది, మధ్యస్తంగా కొట్టింది, గట్టిగా కొట్టింది విడివిడిగా రికార్డు చేసి, మీ అంకెను బట్టి వాటిని కలిపి వినిపిస్తారు. ఒక తీగ ఇంకో తీగను పలకరించడం రికార్డింగులో రాదు, అప్పటికప్పుడు లెక్కగట్టి పుట్టించాలె. చవక మోడళ్లు ఆ లెక్క చెయ్యవు. పైగా అట్టడుగు స్వరం సెకనుకు 27.5 కంపనాలు. ఆరేసి వాట్ల రెండు చిన్న స్పీకర్లు ఆ కంపనాన్ని పలికించలేవు, మీకు వినబడేది దానితోపాటు పుట్టే పై అనుస్వరాలే (ఓవర్టోన్లు). మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే అదే పెట్టె వేరే వాయిద్యంలా ఉండేది అందుకే.

ఇంకో సంగతి చాలామందికి ఆశ్చర్యంగా ఉంటది. ఒకే మెట్టును వేగంగా మళ్లీమళ్లీ కొట్టాలంటే, మెట్టు పూర్తిగా పైకి రాకముందే సుత్తి మళ్లీ సిద్ధం కావాలె. గ్రాండ్ పియానోలో దానికి సెబాస్టియన్ ఎరార్ కనిపెట్టిన, 1821లో పేటెంటు వచ్చిన ఏర్పాటు ఉంది. గోడకు ఆనించి పెట్టే అప్‌రైట్ పియానోల్లో మామూలుగా అది ఉండదు. మూడు కాంటాక్టుల డిజిటల్ మెట్టు ఈ ఒక్క విషయంలో అప్‌రైట్ కన్నా గ్రాండ్‌కే దగ్గర.

ఇగ మన నేల, మన గాలి. పియానోలో మోతను పెంచి గదికి అందించేది సౌండ్‌బోర్డు, అది స్ప్రూస్ అనే చెట్టు కట్టె. ఆ కట్టెకు గాలిలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య నిలకడగా ఉంటే సుఖం. మన పాలమూరు, నల్లగొండ ఎండాకాలంలో మధ్యాహ్నం ఆ నిలకడ ఎక్కడిది? కట్టె ఎండి ముడుచుకుంటే తీగల బిగువు తగ్గి శ్రుతి దిగుతుంది. వానాకాలం వస్తే కట్టె ఉబ్బి తీగలను పైకి నెట్టుతుంది, శ్రుతి ఎక్కుతుంది. అన్ని స్వరాలూ ఒక్కతీరుగా ఎక్కి దిగినా బాగుండు, నడిమి స్థాయి ఎక్కువ కదులుతుంది, చివరలు తక్కువ. తీగలు చుట్టిన పిన్నులు దిగిన కట్టె కూడా ఎండితే పిన్నులు వదులై, శ్రుతి చేసినా నిలవదు. ఎండకు తట్టుకోలేక పియానో ఉన్న గదిలో కూలర్ పెడతారు చూడండి, అంతకన్నా చెరుపు లేదు: పగలంతా తడిగాలి, కరెంటు పోతే పొడిగాలి. సుత్తుల మీది ఉన్ని ఫెల్టును పురుగు కొడుతుంది, ఎలుక తన గూటికి ఎత్తుకపోతుంది. ఏడాదికి రెండుసార్లన్నా శ్రుతి చేయించాలె, అందుకు హైదరాబాదు నుంచి మనిషిని పిలిపించుకోవాలె. ఏండ్లుగా శ్రుతి దిగిన పాతదాన్ని ఒక్క దఫాలో సెకనుకు 440 కంపనాల ప్రామాణిక శ్రుతికి లాగితే తుప్పు పట్టిన తీగలు తెగుతాయి. మొదట ఉజ్జాయింపుగా అంతటా ఎత్తి, తర్వాత సరిచెయ్యాలె.

అందుకే నా తీర్పు ఇట్లుంటది. పెద్ద సభలో పియానో కచేరీ అంటే తీగల పియానోనే కావాలె, అందులో రాజీ లేదు. నేర్చుకునే ఇంట్లో మాత్రం, శ్రుతి తప్పిన తీగల పియానో కన్నా బరువు మెట్ల డిజిటల్ ఎక్కువ పియానో. పిల్లల చెవి తప్పు శ్రుతికి అలవాటైతే దాన్ని మళ్లీ సరిచెయ్యడం మహా కష్టం.

కొనేటప్పుడు ఏం చూడాలె? ముందు స్విచ్ వెయ్యకుండానే చూడండి. పది రూపాయల నాణెం బరువు సుమారు 7.7 గ్రాములు. ఏడు నాణేలు పేర్చి నడిమి తెల్ల మెట్టు కొసన పెడితే సుమారు 54 గ్రాములు. అసలు పియానో మెట్టు దాదాపు ఆ బరువుకే మెల్లగా దిగుతుంది. డిజిటల్‌లో ఒకటి రెండు నాణేలు ఎక్కువ పట్టినా ఫరవాలేదు. మూడింటికే కూలబడితే కొనకండి. అయితే నాణేల లెక్కలో స్ప్రింగు మెట్టు కూడా పాసయ్యే వీలుంది. దాన్ని పట్టుకోవాలంటే వేలితో నిదానంగా కిందిదాకా నొక్కండి. స్ప్రింగు దిగినకొద్దీ ఎదురు తిరుగుతుంది. సుత్తి బరువు మొదట్లో మొరాయించి, కదిలాక సాఫీగా పోతుంది.

తర్వాత స్విచ్ వేసి, పెడల్ తొక్కి పట్టి, అట్టడుగు స్వరం ఒకటి గట్టిగా కొట్టి, పైన రెండు చేతులతో మెట్లన్నీ వరసగా గీకండి. ఆ అడుగు స్వరం నడుమ తటాలున మాయమైతే పాలిఫొనీ, అంటే ఒకేసారి పలికించగల స్వరాల లెక్క, చాలడం లేదని అర్థం. 64 అని రాసి ఉన్నా, స్టీరియో రికార్డింగుకు ఒక్కో స్వరం రెండు తింటుంది, మిగిలేది 32. ఇప్పుడైతే 128కి తక్కువ తీసుకోవద్దు. పెడల్ కూడా సగం తొక్కినప్పుడు సగమే పనిచేసేది అడగండి. చవక పెడల్‌కు ఉన్నది, లేనిది రెండే తెలుసు. పెడల్ మీద కాలు పెట్టి స్విచ్ వేస్తే కొన్ని పెట్టెల్లో పెడల్ తలకిందులుగా పనిచేస్తుంది, తొక్కితే మోత ఆగుతుంది, వదిలితే సాగుతుంది. రిపేరుకు పరుగెత్తకండి, కాలు తీసి, ఆపి మళ్లీ వెయ్యండి.

ట్రాన్స్‌పోజ్ బటన్, అంటే వాయించే మెట్లు మార్చకుండానే శ్రుతి మార్చేదాని గురించి పాడేవాళ్లకు ఒక మాట. ఒకటిన్నర శ్రుతికి ఆ బటన్ నొక్కి, ఒకటో శ్రుతి మెట్ల మీదనే వాయించడం సులువే. మూడేండ్లు అట్లా వాయించిన పిల్ల తీగల పియానో ముందు కూర్చుంటే అక్కడ ఆ బటన్ ఉండదు, నల్ల మెట్ల మీద చెయ్యి ఆడదు. సాధన చేసేటప్పుడు దాని ఊసే వద్దు.

డిజిటల్‌కూ రోగాలున్నయి. మన ఎర్రమట్టి దుమ్ము కాంటాక్టుల మీద చేరితే ఒక స్వరం అసలు పలకదు, లేకుంటే మెల్లగా నొక్కినా ఉలిక్కిపడేంత గట్టిగా పలుకుతుంది. కాంటాక్టులు మూసుకునే సమయం తప్పుగా కొలవడమే కారణం. ప్లగ్ తీసి, విప్పి, రబ్బరు పట్టీని లేపి, కింది నల్లటి కార్బన్ చుక్కలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదితో మెత్తగా తుడవాలె. థిన్నరు, పెట్రోలు ముట్టించొద్దు, చుక్కలు లేచిపోతాయి. పట్టీని తిరిగి కూర్చోబెట్టేటప్పుడు దాని కాడలన్నీ తమ బెజ్జాల్లో పడ్డయో లేదో చూడాలె. ఒక్కటి వంకరపోయినా పక్క మెట్టు పాడైతది. వారంటీ ఉన్నదైతే మీరు విప్పకండి. వాయించనప్పుడు ఒక పాత చీర కప్పితే ఈ తిప్పలు సగం తప్పుతాయి.

ఇన్వర్టర్ మీద నడిపినప్పుడు గుర్రుమని మోత వస్తే తప్పు పియానోది కాకపోవచ్చు. చవక స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఇచ్చే కరెంటే అట్లుంటది. ఫంక్షన్ హాళ్లలో సౌండు కుర్రాడు ఒక్క స్పీకరుకే వైరు ఇస్తే, ఎడమ జాక్ పక్కన మోనో అని రాసి ఉంటుంది, దానికే పెట్టించండి. కుడి, ఎడమ రెండూ కలిపి మోనో చేస్తే రెండు వైపుల రికార్డింగులు ఒకదాన్నొకటి కొట్టుకుని పియానో డొల్లగా వినబడుతుంది. మిక్సరు దూరముంటే మామూలు గిటారు వైరు సాగదీయకుండా నడుమ డీఐ బాక్సు, అంటే దూరం పోయినా రొద చేరకుండా చేసే చిన్న డబ్బా పెట్టమనండి.

చివరగా ఇక్కడున్న ఈ డిజిటల్ పియానో మీదనే ఒక పరీక్ష చేద్దాం. నడిమి షడ్జం మెట్టును మోగకుండా నిదానంగా నొక్కి పట్టుకుంటాను. ఆ డాంపర్ లేచినట్టు. ఇప్పుడు ఒక స్థాయి కింది షడ్జాన్ని గట్టిగా కొట్టి వెంటనే వదిలేస్తాను. తీగల పియానో అయితే కొట్టని పై షడ్జం తనంతట తానే సన్నగా పలకాలె. ఇందులో పలుకుతుందో లేదో మీరే చెప్పండి. ఆ ఫ్యాన్లు ఒక్క నిమిషం ఆపండి.