పుట్టిన రోజే దూరిన వైరస్

అందరికీ నమస్కారం. తిరుపతిలో పశువైద్యం చదివే పిల్లలూ ఉన్నారు, చిత్తూరు వైపు నుంచి పాడి రైతులూ వచ్చారు. అందుకని ఎలుకతో మొదలుపెట్టి దూడ దగ్గరికి వస్తాను.

ఎలుకల్లో ఎల్‌సీఎంవీ అని ఒక వైరస్ ఉంది. ఎదిగిన ఎలుక మెదడులోకి ఎక్కిస్తే వారం పది రోజుల్లో చచ్చిపోతుంది. అదే పుట్టిన రోజున పిల్లకు ఎక్కిస్తే పాలు తాగుతుంది, పెరుగుతుంది, కాకపోతే బతికినన్నాళ్లూ ఒంట్లో వైరస్ ఉండిపోతుంది. బలం లేని పిల్లే ముందు చావాలి కదా? ఎదిగిన ఎలుకను చంపేది వైరస్ కాదు, వైరస్ దూరిన కణాల మీద ఆ ఎలుక సొంత టీ కణాలు, అంటే రోగంతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు, చేసే దాడి. 1960ల మొదట్లో, టీ కణాలు తయారయ్యే థైమస్ గ్రంథిని పుట్టగానే తీసేసిన ఎలుకలకు ఇదే వైరస్ ఎక్కించి చూస్తే వాటికి చావు తప్పింది. రోగనిరోధక శక్తిని అణిచేస్తే ప్రాణం నిలిచింది, వైరస్ మాత్రం పోలేదు.

ఇలాంటి ఎలుకల్ని కూడా లెక్కలోకి తీసుకుని 1949లో బర్నెట్, ఫెన్నర్ అనే శాస్త్రవేత్తలు ఒక మాట అన్నారు, పుట్టుకకు ముందో పుట్టగానేనో పరిచయమైనదాన్ని ఒళ్లు తనదే అనుకుని ఊరుకుంటుందని. బర్నెట్‌కు 1960లో మెడవార్ అనే ఇంకో శాస్త్రవేత్తతో కలిపి నోబెల్ వచ్చింది. అయితే ఆ ఊరుకోవడం పూర్తిగా ఊరుకోవడం కాదని తర్వాత తెలిసింది. ఆ ఎలుకల్లో యాంటీబాడీలు కొద్దికొద్దిగా తయారవుతూనే ఉంటాయి, వైరస్‌కు అతుక్కుని కిడ్నీల్లో పేరుకుపోయి నెమ్మదిగా వాటిని పాడుచేస్తాయి. నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసేది ఇదే, పైకి ఆరోగ్యంగా కనిపించే జీవిలో లోపల ఏళ్ల తరబడి, అంటే ఎలుక లెక్కలో నెలల తరబడి, సగం పోరాటం నడుస్తూ ఉండటం.

ఇక దూడ. పశువుల్లో బీవీడీ, అంటే బోవైన్ వైరల్ డయేరియా అనే జబ్బు తెచ్చే వైరస్ ఉంది. అది ఆవుకు చూడి కట్టిన సుమారు 40 నుంచి 120 రోజుల మధ్య సోకితే, కడుపులోని దూడ దాన్ని పరాయిదని గుర్తించదు. ఆ దూడ పుట్టి బతికితే జీవితాంతం వైరస్ వదులుతూ మందకంతా అంటిస్తుంది. ఇంకో మాట, దూడలకు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఊరికే వేయించకండి. పశువుల ముక్కు, శ్వాసనాళాలకు జబ్బు తెచ్చే ఐబీఆర్ లాంటి హెర్పిస్ వైరస్ నరాల్లో నిద్రపోతూ ఉంటే ఆ మందు రోగనిరోధక శక్తిని అణిచి దాన్ని లేపుతుంది, దూడ మళ్లీ వైరస్ వదలడం మొదలుపెడుతుంది.

బీవీడీ మోసే దూడ చూడటానికి బాగానే ఉండొచ్చు. తల్లి ముర్రుపాల నుంచి వచ్చిన యాంటీబాడీలు తగ్గిపోయాక యాంటీబాడీ పరీక్ష చేయిస్తే నెగటివ్ వస్తుంది, అది చూసి జబ్బు లేదనుకోకండి. వైరస్‌నే వెతికే పరీక్ష అడగండి, చెవి అంచున చిన్న ముక్క చాలు. పాజిటివ్ వస్తే కనీసం మూడు వారాలు ఆగి మళ్లీ చేయించండి, ఆ మధ్యలో దూడను చూడి ఆవులకు దూరంగా కట్టేయండి.