జీడీబీ టీయూఐ రివ్యూ: మూశాక తెర మీద మిగిలే చెత్త

నమస్తే. జీడీబీ అంటే ప్రోగ్రామ్‌లో తప్పులు వెతికే డీబగ్గర్, టీయూఐ అంటే టెర్మినల్‌లోనే కిటికీలు చూపించే దాని మోడ్. ఈ వీడియోలో టీయూఐ మొత్తం కాదు, దాన్ని మూసే క్షణం ఒక్కటే. లేఔట్ ఎస్‌ఆర్‌సీ కొడితే పైన సోర్స్, కింద ప్రాంప్ట్. అంతవరకు బాగుంది. మార్కులు పోయేది బయటికొచ్చేటప్పుడే.

ఇదిగో, టీయూఐ మూయడానికి కంట్రోల్ ఎక్స్, తర్వాత ఏ. ఎక్స్‌టెర్మ్ అనే టెర్మినల్‌లో పాత షెల్ తెర ఉన్నదున్నట్టు వచ్చేసింది. టీయూఐ తెర గీయడానికి వాడే కర్సెస్ లైబ్రరీ మొదట్లో టెర్మినల్‌ని రెండో తెరకి మార్చి, చివర్లో వెనక్కి తిప్పుతుంది. ఏ టెర్మినల్‌కి ఏ సంకేతాలు తెలుసో రాసిపెట్టే టెర్మిన్‌ఫో పట్టికలో ఆ సంకేతాల పేర్లు ఎస్‌ఎమ్‌కప్, ఆర్‌ఎమ్‌కప్. ఇప్పుడు టెర్మినల్ రకం చెప్పే టర్మ్ వేరియబుల్ విలువని వీటీ100 చేసి అదే చేస్తున్నా. చూడండి, సోర్స్ లైన్లు, చట్రం గీతలు కదల్లేదు, ప్రాంప్ట్ మాత్రం అడుగుకి పోయింది. టెర్మిన్‌ఫోలోని వీటీ100 ఎంట్రీలో ఈ రెండు సంకేతాలూ లేవు మరి. ఒకే టెర్మినల్‌లో చాలా సెషన్లు నడిపే జీఎన్‌యూ స్క్రీన్‌లోనూ ఇదే గోల, అక్కడ రెండో తెరని అనుమతించే ఆల్ట్‌స్క్రీన్ సెట్టింగ్ మొదట్నుంచీ ఆఫ్. స్క్రీన్‌ఆర్‌సీ ఫైల్లో ఆల్ట్‌స్క్రీన్ ఆన్ అని ఒక్క లైను రాస్తే సరి. అలాంటిదే అయిన టీమక్స్‌లో ఆ బెడద లేదు.

చాలామంది వెంటనే క్లియర్ కొట్టేస్తారు. వద్దు! చాలా టెర్మినల్స్‌లో అది స్క్రోల్‌బ్యాక్‌ని, అంటే పైకి జరిపి చూసే పాత లైన్లని కూడా తుడిచేస్తుంది. తప్పదనుకుంటే, వాటిని వదిలేసే క్లియర్ మైనస్ ఎక్స్.

జీడీబీని కిల్ మైనస్ 9తో చంపితే కథ వేరు. వెనక్కి తిప్పే కోడ్‌కి అవకాశమే రాదు. స్టీటీ మోడ్‌లని, అంటే కీబోర్డు ఇన్‌పుట్ సెట్టింగ్‌లని షెల్ సరిచేసుకున్నా, రెండో తెర, మౌస్ ట్రాకింగ్ టెర్మినల్ ఎమ్యులేటర్ లోపలి సంగతులు, షెల్‌కి వాటి ఊసే తెలియదు. జీడీబీ 11 నుంచి టీయూఐ మౌస్‌ని పట్టుకుంటోంది కాబట్టి, అలా చంపాక క్లిక్ చేస్తే ప్రాంప్ట్ దగ్గర పిచ్చి అక్షరాలు పడొచ్చు. కనపడకపోయినా రీసెట్ అని టైప్ చేసి, ఎంటర్ పని చేయకపోతే కంట్రోల్ జే నొక్కండి.

టీయూఐ లోపలుండగానే తెర చెదిరితే అది మీ ప్రోగ్రామ్ ప్రింట్ల పని. కంట్రోల్ ఎల్ అప్పటికి సర్దుతుంది. అసలు మందు వేరే టెర్మినల్: అందులో టీటీవై కమాండ్ ఇచ్చే పేరుని, రన్ కొట్టేముందు జీడీబీలో టీటీవై పక్కన ఇవ్వండి. ఆ రెండో టెర్మినల్‌లో పెద్ద అంకెతో స్లీప్ నడిపి ఉంచండి, లేకపోతే మీ ఇన్‌పుట్‌ని అక్కడి షెల్ మింగేస్తుంది.

నాకు నచ్చనిది ఒకటుంది. టీయూఐలో చూసిన బ్యాక్‌ట్రేస్, అంటే ఏ ఫంక్షన్‌ని ఏది పిలిచిందో చూపే జాబితా, రెండో తెరతోపాటే పోతుంది, స్క్రోల్ చేసినా దొరకదు. అది కావాలంటే ముందే సెట్ లాగింగ్ ఎనేబుల్డ్ ఆన్ కొట్టండి, జీడీబీ డాట్ టీఎక్స్‌టీ ఫైల్లో ఉంటుంది. 12 కంటే పాత వెర్షన్ అయితే సెట్ లాగింగ్ ఆన్.