దాచిన గూడు, చూపించిన గూడు

శ్రోతలకు నమస్కారం. చలికాలంలో పులికాట్ వైపు వెళ్లినవాళ్లలో కొందరు ఈ పక్షిని చూసే ఉంటారు. నీళ్లపైన ఎగురుతూ గాలిలో ఒక్క క్షణం నిలబడి, కాళ్లు ముందుకు చాచి దభీమని దూకి, చేపతో పైకి లేస్తుంది. అదే ఆస్ప్రే గద్ద. మన దగ్గర గూడు కట్టదు, ఎండలు ముదిరేలోపు ఉత్తరానికి వెళ్లిపోతుంది. గూడు కట్టే చోట దాని బతుకెలా ఉంటుందో స్కాట్లండ్ కథ చెబుతుంది.

ఆస్ప్రే తిండి చేపలే. కాలివేళ్ల అడుగున ముళ్లలాంటి గరుకు ఉంటుంది, బయటివేలు వెనక్కి కూడా తిరుగుతుంది. ఎంత జారుడు చేపైనా తప్పించుకోవడం కష్టం. చేపలు తింటుందనే కోపంతో స్కాట్లండ్‌లో దాన్ని కాల్చి చంపారు. పక్షులు తగ్గేకొద్దీ గుడ్లు సేకరించేవాళ్ల ఆశ పెరిగింది, అరుదైన గుడ్డుకే గిరాకీ మరి. 1916 తర్వాత అక్కడ ఆస్ప్రే గూళ్లు లేకుండా పోయాయి.

1954లో ఒక జంట లాక్ గార్టెన్ అనే సరస్సు దగ్గరికి వచ్చింది. ఆ చోటు బయటికి పొక్కకుండా చూశారు. అయినా దొంగలు పసిగట్టారు. 1958లో, కాపలా ఉండగానే, రాత్రివేళ ఒకడు చెట్టెక్కాడు. వెంటపడితే గుడ్లు పడేసి పారిపోయాడు. అవి పగిలిపోయాయి. గూట్లో వాటి బదులు వాడు బూట్‌పాలిష్ పూసిన రెండు కోడిగుడ్లు పెట్టి ఉన్నాడు!

పక్షుల రక్షణ సంఘం తరఫున అక్కడ పనిచేస్తున్న జార్జ్ వాటర్‌స్టన్ అప్పుడు తీసుకున్న నిర్ణయానికి నేను చేతులెత్తి మొక్కుతాను. 1959లో ఆయన గూడు సంగతి లోకానికి చెప్పేశారు. దూరంగా ఒక గుడిసె వేసి, దుర్భిణులు పెట్టి, రండి చూడండన్నారు. ఆ ఒక్క వేసవిలోనే సుమారు 14,000 మంది వచ్చారు. ఇంతమంది చూస్తున్న చెట్టు ఎక్కడానికి ఏ దొంగకు ధైర్యం చాలుతుంది? ఆ ఏడు మూడు పిల్లలు ఎగిరాయి.

తర్వాత డీడీటీ అనే పురుగుమందు వల్ల గుడ్ల పెంకులు పలచబడి వాటి సంఖ్య పెరగడం కొన్నేళ్లు ఆలస్యమైంది. అయినా ఇప్పుడు స్కాట్లండ్‌లో 200 జంటలు దాటాయి.

మగ ఆస్ప్రే తను పెరిగిన చోటికే తిరిగొచ్చి గూడు కడుతుంది. అందుకే కొత్త ప్రాంతాలకు ఈ జాతి త్వరగా పాకదు. ఇంగ్లండ్‌లోని రట్లాండ్ జలాశయం దగ్గర ఆ స్వభావాన్నే ఆసరా చేసుకున్నారు. 1996 నుంచి స్కాట్లండ్ గూళ్లలోని పిల్లల్ని, ఇంకా ఎగరకముందే, అక్కడికి తెచ్చి పెంచారు. అవి పశ్చిమ ఆఫ్రికాకు వలస వెళ్లాయి. 1997లో తెచ్చిన ఒక మగపక్షి రట్లాండ్‌కే తిరిగొచ్చి, 2001లో జంటకట్టి పిల్లను ఎగరేసింది. తన జీవితకాలంలో అది 32 పిల్లలకు తండ్రయింది.