మన రేవతి కథే, కాకపోతే రాకెట్ ఎక్కింది

అందరికీ నమస్కారం. ఈసారి అమెరికన్ సైన్స్ ఫిక్షన్ రచయిత్రి ఉర్సులా లె గ్విన్ మొదటి నవల చదివాను, రోకానన్స్ వరల్డ్, 1966ది. తర్వాత ఆవిడకి పెద్ద పెద్ద అవార్డులొచ్చాయి గానీ అప్పటికి కొత్త. దీన్ని విడిగా కూడా వెయ్యలేదు, ఇంకొకాయన నవలతో కలిపి ఒకే అట్టల మధ్య వేసేశారు.

నా గోలంతా మొదట్లో వచ్చే చిన్న కథ గురించే. సెమ్లీ అని పెద్దింటి పిల్ల, పేరు గొప్పే గానీ చేతిలో చిల్లిగవ్వ లేదు. ఎప్పుడో పోయిన తాతలనాటి నీలం హారం వెతికి తెచ్చి మొగుడికి కట్నంగా ఇవ్వాలని, చిన్నపిల్లని ఇంట్లో వదిలేసి బయల్దేరుతుంది. నేల కిందుండే మట్టిమనుషులు 'ఒక్క రాత్రి ప్రయాణమే' అని ఓడెక్కిస్తారు. అబద్ధం కాదు, ఆ ఓడ దాదాపు కాంతి వేగంతో పోతుంది, లోపలున్నవాళ్లకి ఒక్క రాత్రే, బయట ఏళ్లకేళ్లు, ఐన్‌స్టీన్ చెప్పిన లెక్కే! హారం పట్టుకుని ఇంటికొచ్చేసరికి మొగుడు యుద్ధంలో పోయి ఏళ్లయింది, ఆడపడుచు ముసలిదైపోయింది, ఎదురుగా నిలబడ్డ పడుచుపిల్లేమో తన కూతురు.

ఇది మామ్మకి చెప్పాను, శ్రీకాకుళం కోటేశ్వరుడి గుడి దగ్గర, నాగావళి ఒడ్డున. ప్రసాదం కొబ్బరిముక్క కొరుకుతూ, "ఏటిరా, మన రేవతి కథే కదా" అంది. నిజమే! కకుద్మి మహారాజు కూతురికి తగిన వరుణ్ణి అడుగుదామని ఆమెని వెంటబెట్టుకుని బ్రహ్మలోకం వెళ్తాడు, అక్కడ పాట అయ్యేదాకా ఆగుతాడు, ఈలోగా కింద 27 చతుర్యుగాలు గడిచిపోతాయి. ఆ రేవతిని బలరాముడికిస్తారు. ఆ బలరాముడే నాగలితో గీసి నాగావళిని తెచ్చాడంటారు, మేం వెళ్లిన గుడీ ఆయన ప్రతిష్ఠే అంటారు. చిన్నప్పట్నుంచీ వెళ్తున్న గుడే, రేవతికి ఐన్‌స్టీన్‌తో చుట్టరికం ఉంటుందని నాకెప్పుడూ తట్టలేదు.

మిగతా నవల అంత బిగువుగా లేదు. రోకానన్ అనే శాస్త్రవేత్త సెమ్లీవాళ్ల గ్రహం మనుషుల్ని చదవడానికొస్తాడు, శత్రువులు అతని ఓడనీ తోటివాళ్లనీ పేల్చేస్తారు, ఇంక రెక్కల పిల్లులెక్కి ఊళ్లు దాటడమే, మధ్యలో సాగదీత. కానీ ఆన్సిబుల్ అనే మాట పుట్టింది ఇందులోనే. ఆ యంత్రం ఎంత దూరానికైనా కబురు క్షణంలో చేరుస్తుంది, మనిషి చేరడానికే ఏళ్లు. మా వీధిలో సగం ఇళ్లు అలాగే నడుస్తున్నాయి లెండి, మనిషి దుబాయ్‌లో, మాట మంచం పక్కన.

మామ్మకి ఇవేం పట్టలేదు. "హారం ఏటైంది?" అంది. కూతురి ముందు పడేసి అడవిలోకి పారిపోయిందనీ, ఆ కూతురు తర్వాత దాన్ని రోకానన్‌కి ఇచ్చేసిందనీ చెప్పాను.

"పరాయోడికా!" అని బుగ్గలు నొక్కుకుంది.