రిమోట్ కొనే ముందు మీ పరికరాలను అడగండి

శ్రోతలందరికీ నమస్కారం.

సినిమాలు చూడ్డానికని ఇంట్లో ఒక గది సర్దుకున్నవాళ్ళ దగ్గర రిమోట్లు ఎన్ని పోగవుతాయో మీకు తెలిసే ఉంటుంది. టీవీదో ప్రొజెక్టర్‌దో ఒకటి, స్పీకర్లను నడిపే ఏవీ రిసీవర్‌ది ఇంకొకటి, బ్లూరే ప్లేయర్‌ది, స్ట్రీమింగ్ స్టిక్‌ది, సెట్‌టాప్ బాక్స్‌ది. ఇన్నిట్లో ఏది ముందు నొక్కాలో, ఏది ఎప్పుడు నొక్కాలో తెలిసిన మనిషి ఇంట్లో మామూలుగా ఒక్కరే ఉంటారు, ఆ ఒక్కరూ ఇంట్లో లేనప్పుడు మిగతావాళ్ళు అంత పెద్ద తెర పక్కన పెట్టి ఫోన్లో సినిమా చూసుకుంటారు. నాకిది బాధనిపిస్తుంది. అంత ఖర్చు పెట్టి కట్టుకున్నది ఇంటిల్లిపాదీ వాడుకునేలా ఉండాలి కదా. అన్ని పరికరాలనీ ఒక్కటే నడిపే యూనివర్సల్ రిమోట్ అవసరం అక్కడే ఉంది, ఇవాళ దాన్ని ఎలా ఎంచుకోవాలో మాట్లాడుకుందాం.

ఇన్ని వేల పరికరాలతో పనిచేస్తుంది, ఇన్ని బటన్లు ఉన్నాయి, టచ్ స్క్రీన్ ఉంది అని డబ్బా మీద రాసి ఉంటుంది. దాన్ని కాసేపు పక్కన పెట్టండి. ముందు మీ ఇంట్లో ఉన్న పరికరాలు ఏ పద్ధతిలో మాట వింటాయో తెలుసుకోండి. రిమోట్ ఎంత ఖరీదైనదైనా, పరికరం వినలేని పద్ధతిలో చెబితే ఉపయోగం ఉండదు.

ఎక్కువ రిమోట్లు పనిచేసేది ఇన్‌ఫ్రారెడ్‌తో. ముందు భాగంలో చిన్న ఎల్‌ఈడీ ఉంటుంది, మన కంటికి కనపడని వెలుగుని సెకనుకి దాదాపు 38 వేల సార్లు మినుకుమినుకుమనిపిస్తూ, ఆ మినుకుల్ని గుంపులు గుంపులుగా పంపి, ఇది వాల్యూమ్ పెంచే కోడ్, ఇది ఆపే కోడ్ అని చెబుతుంది. కంపెనీని బట్టి కోడ్ మారుతుంది. ఈ వెలుగు గోడలు దాటదు, చెక్క తలుపులు కూడా దాటదు. రెండో రకం బ్లూటూత్ లేదా వైఫై. స్ట్రీమింగ్ స్టిక్‌లు చాలావరకు వీటితోనే నడుస్తాయి. ప్లేస్టేషన్ 4, 5 అయితే ఇన్‌ఫ్రారెడ్‌ని అసలు తీసుకోవు.

మీ రిమోట్ ఏ రకమో ఇంట్లోనే పరీక్ష చేసుకోవచ్చు. ఫోన్‌లో సెల్ఫీ కెమెరా తెరిచి, రిమోట్ ముక్కు దానివైపు తిప్పి బటన్ నొక్కండి. తెర మీద ఊదా రంగులోనో తెల్లగానో చుక్క మెరిస్తే అది ఇన్‌ఫ్రారెడ్. వెనక కెమెరాకి చాలా ఫోన్లలో ఆ వెలుగుని ఆపే ఫిల్టర్ ఉంటుంది, అందుకే సెల్ఫీ కెమెరా అన్నాను. ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. స్ట్రీమింగ్ స్టిక్‌తో వచ్చే రిమోట్లలో కొన్నిటికి టీవీ వాల్యూమ్ కోసం, టీవీ ఆన్ ఆఫ్ కోసం మాత్రం ఇన్‌ఫ్రారెడ్ పెడతారు, మిగతా బటన్లన్నీ బ్లూటూత్‌ మీదే పోతాయి. మీరు వాల్యూమ్ నొక్కి చూసి, చుక్క మెరిసింది కదా ఇది ఇన్‌ఫ్రారెడ్డే అనుకుంటే పొరపాటే. పైకి కిందికి జరిపే బాణం బటన్లు కూడా నొక్కి చూడండి. వాటికి చుక్క రాకపోతే ఉత్త ఇన్‌ఫ్రారెడ్ యూనివర్సల్ రిమోట్ ఆ స్టిక్‌ని నడపలేదు, మీకు బ్లూటూత్ కూడా తెలిసిన రిమోటే కావాలి, సాధారణంగా అది హబ్ అనే చిన్న పెట్టెతో వస్తుంది.

అసలు యూనివర్సల్ రిమోట్ అవసరమే ఉండకపోవచ్చు, ఆ సంగతి కూడా చెప్పాలి. బొమ్మనీ శబ్దాన్నీ కలిపి మోసే హెచ్‌డీఎంఐ కేబుల్‌లో సీఈసీ అనే ఏర్పాటు ఉంది, దాని ద్వారా పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. శాంసంగ్ దాన్ని ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఎల్‌జీ సింప్‌లింక్ అంటుంది, సోనీ బ్రావియా సింక్ అంటుంది, పేర్లు ఎన్నయినా సంగతి ఒకటే. ఒక టీవీ, ఒక సౌండ్‌బార్, ఒక స్టిక్ మాత్రమే ఉన్న ఇంట్లో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి సీఈసీ ఆన్ చేస్తే స్టిక్ రిమోటే అన్నిటినీ నడిపించే అవకాశం ఎక్కువ. ముందు అది చేసి చూడండి, సరిపోతే డబ్బులు మిగిలినట్టే. పరికరాలు పెరిగేకొద్దీ, వేరువేరు కంపెనీలవి కలిసేకొద్దీ సీఈసీ మీద నమ్మకం తగ్గుతుంది. ప్రొజెక్టర్లలో కొన్నిటికి అది ఉండదు, ఉన్నా అరకొరగా ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం. సినిమా చూద్దాం అని ఒక బటన్ నొక్కితే ప్రొజెక్టర్, రిసీవర్, ప్లేయర్ వరసగా ఆన్ అయ్యి, రిసీవర్ సరైన ఇన్‌పుట్‌కి మారాలి, దీన్నే యాక్టివిటీ అంటారు. యూనివర్సల్ రిమోట్ కొనేదే దీనికోసం. ఇది చెడిపోయేది ఎక్కువగా ఒకే ఒక్క కారణంతో. చాలా రిమోట్ల మీద పవర్ బటన్ ఒక్కటే ఉంటుంది, ఆగి ఉన్నదాన్ని నడిపిస్తుంది, నడుస్తున్నదాన్ని ఆపుతుంది. మనం కళ్ళతో చూస్తాం కాబట్టి మనకి ఇబ్బంది లేదు. ఇన్‌ఫ్రారెడ్ రిమోట్ చెప్పగలదు గానీ వినలేదు, తను పంపిన కోడ్ అవతల చేరిందో లేదో దానికి తెలిసే దారే లేదు. రిసీవర్ ముందే ఆన్‌లో ఉందనుకోండి, యాక్టివిటీ నొక్కగానే మిగతావన్నీ ఆన్ అవుతాయి, రిసీవర్ మాత్రం ఆగిపోతుంది. బొమ్మ వస్తుంది, శబ్దం రాదు. మళ్ళీ నొక్కితే అటుదిటు అవుతుంది. ఇక అక్కడినుంచి టెన్షన్ మొదలు.

దీనికి మందు డిస్క్రీట్ కోడ్‌లు. అంటే ఆన్‌కి వేరే కోడ్, ఆఫ్‌కి వేరే కోడ్. ఆన్ కోడ్ పదిసార్లు పంపినా పరికరం ఆన్‌లోనే ఉంటుంది. పరికరంతో వచ్చిన రిమోట్ మీద ఇలాంటి బటన్లు లేకపోయినా, చాలా రిసీవర్లు, టీవీలు ఈ కోడ్‌లని లోపల గుర్తుపడతాయి, మంచి యూనివర్సల్ రిమోట్ కంపెనీలు వాటిని తమ డేటాబేస్‌లో పెట్టుకుంటాయి. ఇన్‌పుట్‌ల సంగతీ అంతే. సోర్స్ బటన్ నొక్కుకుంటూ ఒకటొకటిగా దాటడం యాక్టివిటీకి పనికిరాదు, హెచ్‌డీఎంఐ 1కి నేరుగా ఒక కోడ్, హెచ్‌డీఎంఐ 2కి నేరుగా ఇంకొకటి కావాలి. అందుకే కొనే ముందు మీ పరికరాల మోడల్ నంబర్లు కాగితం మీద రాసుకుని, ఈ మోడల్‌కి ఆన్, ఆఫ్ వేరువేరుగా ఉన్నాయా, ఇన్‌పుట్‌లు నేరుగా ఉన్నాయా అని అమ్మేవాళ్ళని గుచ్చి గుచ్చి అడగండి. జవాబు చెప్పలేకపోతే తొందరపడి కొనకండి.

ప్రొజెక్టర్ ఉన్నవాళ్ళు ఇంకో ముక్క వినాలి. లాంప్‌తో నడిచే ప్రొజెక్టర్ వేడెక్కడానికి కాస్త టైమ్ తీసుకుంటుంది, ఆపాక ఫ్యాన్ తిరుగుతూ చల్లబడేదాకా ఏం చెప్పినా వినిపించుకోదు. చాలావాటిని ఆపాలంటే పవర్ రెండుసార్లు నొక్కాలి. కాబట్టి ఒక ఆదేశానికీ ఇంకో ఆదేశానికీ మధ్య ఎన్ని సెకన్లు ఆగాలో మనమే పెట్టుకోగలిగే రిమోట్ కావాలి, ఒకే బటన్‌ని రెండుసార్లు పంపే వీలూ ఉండాలి. ఈ సౌకర్యం లేనిది చవకగా వచ్చినా వద్దంటాను.

పరికరాలు అల్మరాలో తలుపుల వెనక పెట్టుకుంటే ఇన్‌ఫ్రారెడ్ అక్కడికి చేరదు. హబ్‌ ఉన్న రిమోట్ తీసుకుంటే హబ్‌ని అల్మరాలోనే పెట్టొచ్చు, చేతిలో ఉన్న రిమోట్ దానికి రేడియోతో చెబుతుంది, అది లోపల ఇన్‌ఫ్రారెడ్ వెదజల్లుతుంది. లేదా వైరు చివర చిన్న ఎల్‌ఈడీ ఉండే ఎమిటర్లు దొరుకుతాయి, వాటిని పరికరం ముందు భాగంలో, సెన్సర్ ఉన్నచోట అంటించాలి. సెన్సర్ ఎక్కడుందో తెలియకపోతే రిమోట్‌ని పరికరానికి ఆనించినంత దగ్గరగా పెట్టి, కొద్దికొద్దిగా జరుపుతూ నొక్కి చూస్తే దొరుకుతుంది.

చేతిలో పట్టుకునే రిమోట్‌కి నిజమైన బటన్లుండాలన్నది నా గట్టి అభిప్రాయం. సినిమా చూసేది చీకట్లో. వాల్యూమ్ తగ్గించడానికి తల దించి టచ్ స్క్రీన్‌ చూడాల్సి వస్తే ఆ వెలుగు కళ్ళలో పడుతుంది, ఆ క్షణంలో సినిమా చెదిరిపోతుంది. వాల్యూమ్, పాజ్, వెనక్కి వెళ్ళడం, ఈ మూడూ బొటనవేలికి తడిమితే తెలిసేలా ఉండాలి. ఫోన్ యాప్ అదనంగా ఉంటే మంచిదే, అదొక్కటే ఉంటే చాలదు, ఎందుకంటే ఆ ఫోన్ యజమాని బయటికి వెళ్తే రిమోట్ కూడా వెళ్ళిపోయినట్టే.

ఇంకా ముఖ్యమైనది, రిమోట్ వెనకాల ఉన్న కంపెనీ. 1987లోనే ఆపిల్ సహ వ్యవస్థాపకుడు స్టీవ్ వోజ్నియాక్ పెట్టిన కంపెనీ ఒకటి వేరే రిమోట్ల కోడ్‌లు నేర్చుకునే రిమోట్ తెచ్చింది, అంటే ఈ ఆలోచన కొత్తది కాదు. తర్వాత లాజిటెక్ హార్మనీ రిమోట్లు యాక్టివిటీ పద్ధతిని చాలా ఇళ్ళకి అలవాటు చేశాయి. ఆ లాజిటెక్కే 2021 ఏప్రిల్‌లో హార్మనీ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఉన్నవాటికి సేవలు కొనసాగిస్తామని చెప్పింది, మంచిదే. కానీ సెట్టింగ్‌లన్నీ కంపెనీ సర్వర్‌లో ఉండే ఏ రిమోట్‌కైనా ఆ సర్వర్ ఉన్నంతకాలమే ఆయుష్షు. ఇంటర్నెట్ లేనప్పుడు బటన్లు పనిచేస్తాయా, కొత్త పరికరం చేర్చుకోవాలంటే సర్వర్ తప్పదా, ఈ రెండూ కచ్చితంగా అడగండి. ఇప్పుడు దొరికేవాటిలో సోఫాబాటన్ లాంటివి మనమే అమర్చుకోవచ్చు, కంట్రోల్4, క్రెస్ట్రాన్ లాంటివి శిక్షణ పొందిన వాళ్ళు వచ్చి అమర్చాలి. తర్వాత చిన్న మార్పు కావాలన్నా మళ్ళీ వాళ్ళనే పిలవాల్సి రావచ్చు. పెద్ద గది, చాలా పరికరాలు, లైట్లు కర్టెన్లు కూడా కలపాలంటే అటు వెళ్ళండి, లేకపోతే అవసరం లేదు.

అమర్చాక సీఈసీ సంగతి ఒకసారి చూసుకోండి. యాక్టివిటీ ఒకవైపు, సీఈసీ ఇంకోవైపు పరికరాల్ని ఆన్ చేస్తూ ఇన్‌పుట్‌లు మారుస్తూ ఉంటే రెండూ గొడవపడతాయి, సీఈసీ ఆపేస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. అయితే టీవీ శబ్దాన్ని ఏఆర్‌సీ ద్వారా, అంటే అదే హెచ్‌డీఎంఐ కేబుల్ మీద వెనక్కి, రిసీవర్‌కి పంపుతున్నవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి, చాలా టీవీల్లో సీఈసీ ఆపితే ఏఆర్‌సీ కూడా ఆగిపోతుంది.

పాత రిమోట్లు పారేయకండి. డేటాబేస్‌లో లేని బటన్‌ని కొత్త రిమోట్‌కి నేర్పించాలంటే అవే కావాలి. రెండిటినీ బల్ల మీద ఎదురెదురుగా, కొన్ని అంగుళాల దూరంలో, ఎండ పడనిచోట పెట్టి నేర్పించండి. పని అయ్యాక వాటిలోని సెల్స్ తీసేసి ఒక డబ్బాలో వేసి ఉంచండి, సెల్స్ అలాగే వదిలేస్తే కారి లోపలి స్ప్రింగులు పాడవుతాయి.

నమస్కారం.